గోడ మీది ఐదో బాక్సర్

నా చిన్నప్పుడు నాకు తెలిసిన మొనగాళ్లంతా ఒక రేకుల షెడ్డు గోడ మీద ఉండేవాళ్లు. సినిమా హీరోలు కారు, దేవుళ్లు అంతకన్నా కారు. నేను ఇప్పటికీ చూడని ఒక చలిదేశపు ఊళ్లో, ఒక చిన్న బాక్సింగ్ క్లబ్బులో ఆడిన ఐదుగురు మామూలు మనుషులు. ఆ షెడ్డు మాత్రం ఉన్నది సౌదీలో, అల్ ఖోబర్ ఊరి చివర, మా నాన్న పనిచేసిన కంపెనీ క్యాంపులో. నిరుడు అదే ఊళ్లో మా మనవరాలిని ఆడపిల్లల బాక్సింగ్ క్లాసులో చేర్చారు. గులాబీరంగు గ్లవ్స్ తొడుక్కుని “అమ్మమ్మా, కాసుకో” అంటూ నా పొట్ట మీద ఒక్కటిచ్చింది. ఇంటిల్లిపాదీ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మాది విశాఖపట్నం. నాన్న అక్కడ ఓడలు కట్టేచోట చాలా ఏళ్లు క్రేన్ నడిపి, ఆ అనుభవంతో సౌదీ వెళ్లి క్రేన్ల సూపర్‌వైజరయ్యాడు. అంటే ఇక తాను నడపడు. కింద నిలబడి, పైన కేబిన్‌లో ఉన్నవాడికి ఎత్తు, దించు, ఆపు అని చేతులతో సైగ చేస్తాడు. ఆ సైగ లేనిదే ఒక్క ఇనుప గొట్టం కూడా నేల వదలకూడదు, అది వాళ్ల పనిలో కట్టుబాటు. ఇంట్లో కూడా కంచంలో అన్నం చాలంటే నోటితో చెప్పకుండా పిడికిలి బిగించి చూపించేవాడు. అమ్మ విసుక్కునేది, మేం పడీపడీ నవ్వేవాళ్లం.

అదే సైట్‌లో క్రేన్లు బాగుచేసే మెకానిక్ స్వీడన్ నుంచి వచ్చాడు. ఆరడుగుల మనిషి, ఎండకు మొహం ఎప్పుడూ ఉడికిన రొయ్యలాగా ఉండేది. ఆయన పేరు పలకడం మా నోటి వల్ల కాక క్యాంపు పిల్లలందరం ‘స్వీడన్ మావయ్య’ అనేవాళ్లం. డ్యూటీ దిగాక జనరేటర్ గది వెనకున్న ఖాళీ షెడ్డులో ఆయన బాక్సింగ్ నేర్పేవాడు. కాన్వాస్ సంచిలో ఇసుక కుక్కి దూలానికి వేలాడదీశాడు. ఫిలిప్పీన్స్ వెల్డర్లు, పాకిస్తానీ డ్రైవర్లు, ఒక కేరళ ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ సంచిని చితక్కొట్టి, చెమట్లు కక్కి, తేలికపడి వెళ్లేవాళ్లు. నన్ను అమ్మ ఆ షెడ్డు గుమ్మం దాటనిచ్చేది కాదు. నేను గుమ్మంలోనే బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎవడు సరిగ్గా కాసుకోవడం లేదో పైకే చెప్పేసేదాన్ని. నా నోరు అప్పటికే అంత.

గోడ మీద ఐదు ఫొటోలుండేవి. అవి స్వీడన్ మావయ్య సొంతూరి క్లబ్బువి. వాళ్ల దేశంలో ఆ రోజుల్లో డబ్బుకు బాక్సింగ్ ఆడటాన్ని చట్టం ఒప్పుకునేది కాదట. అందుకని పగలంతా పనికి వెళ్లి, సాయంత్రం గ్లవ్స్ తొడిగేవాళ్లట. మొదటి ఫొటోలో ఉన్నవాడు రొట్టెలు కాల్చేవాడు, దేశం తరఫున ఆడి వచ్చి మర్నాడు తెల్లారకుండానే పిండి పిసికాడట. రెండు, మూడు ఫొటోల్లో ఉన్నవాళ్లు కవలలు. ఫైనల్లో ఒకరితో ఒకరు తలపడాల్సి వచ్చేసరికి ఇద్దరూ ఒకేసారి జ్వరమని ముసుగుతన్ని పడుకున్నారట. ఆ కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నానో లెక్కలేదు. నాలుగో ఫొటోలో పొట్టి పోస్ట్‌మ్యాన్. ఐదో ఫొటోలో చెవులు బయటికి పొడుచుకొచ్చిన ఒక పడుచు కుర్రాడు. వాడి గురించి అడిగితే మాత్రం మావయ్య “వీడు అందరికన్నా మంచి బాక్సర్” అని, సంచి కుట్లు చూసుకోవడంలో పడిపోయేవాడు.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా మా కొంప మునిగింది. ఒక ఆదివారం సైట్‌లో పెద్ద గొట్టాన్ని ఎత్తుతున్నారు. దుమ్ముగాలి లేచింది. నాన్న ఒక్క క్షణం ఆగాడు, గాలి తగ్గినట్టనిపించి ఎత్తమని సైగ చేశాడు. గొట్టం పైకి లేచి, ఊగి, కొక్కెంలోంచి ఒక పక్క తాడు జారిపోయింది. కింద ఉన్నది పఠాన్ చాచా. పేషావర్ మనిషి, మా ఇంటి మీదుగా వెళ్తే “బేటీ, ఇలా రా” అని జేబులోంచి ఖర్జూరాలు తీసి పెట్టనిదే కదిలేవాడు కాదు. గొట్టం ఆయన కాలి మీద పడింది, కూలబడటంలో ఆయన తల రాతికి కొట్టుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్లారు గానీ స్పృహ రాలేదు.

మర్నాడే సైట్ మేనేజరు మా ఇంటికి ఒక కాగితం తెచ్చాడు. ఒక పక్క అరబ్బీ, ఒక పక్క ఇంగ్లీషు. నాన్నే చెబుతున్నట్టుగా, గాలిని లెక్కచెయ్యకుండా సైగ చేశాననీ, జరిగినదానికి పూర్తి బాధ్యత నాదేననీ, క్రేన్‌లో ఏ లోపమూ లేదనీ అందులో ఉంది. బుధవారం ఆఫీసు మూసేలోగా సంతకం పెడితే వెంటనే పాస్‌పోర్టుల మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించి కుటుంబంతో సహా ఇంటికి పంపించేస్తామన్నాడు. లేదంటే పోలీసులు వాళ్ల దారిన వాళ్లు వస్తారన్నాడు. పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉన్నాయి. మేం ఎక్కడికని పోతాం?

స్వీడన్ మావయ్య మంగళవారం పొద్దున్నే వచ్చి నాన్న పక్కన నేల మీద కూర్చున్నాడు. తాడు జారిపోకుండా ఆ క్రేన్ కొక్కేనికుండే లాక్ పాడైందని తాను అంతకుముందు రెండుసార్లు రాసిచ్చానన్నాడు. పక్కనున్న దమ్మామ్ పట్నం నుంచి క్రేన్లు తనిఖీ చేసే మనిషి శనివారం వస్తాడు, అంతదాకా ఆ క్రేన్‌ని ఎవరూ ముట్టుకోకూడదు, నువ్వు ఏ కాగితం మీదా సంతకం పెట్టకు అన్నాడు. ఆ సంతకం పెట్టినవాణ్ని ఎయిర్‌పోర్టుకు కాదు, జైలుకు తీసుకెళ్తారని కూడా చెప్పాడు. నాన్న అంతా విన్నాడు. విని, “సైగ చేసింది నేనే కదా” అన్నాడు.

ఆ మూడు రోజులు మా ఇల్లు ఇల్లులా లేదు. నాన్న ఏసీ కింద ప్లాస్టిక్ చాప మీద గోడకేసి తిరిగి కూర్చున్నాడు. స్నానం లేదు, తిండి లేదు. పిలిస్తే పలకడు. అమ్మ ఎదురుగా కూర్చుని “ఏటండీ, ఇలగ కూకుండిపోతే మేమేటైపోవాలి, ఒక్క మాటైనా సెప్పండి” అని బతిమాలి బతిమాలి గొంతు పోగొట్టుకుంది. గడ్డం గీసుకునే బ్లేళ్లు తీసుకెళ్లి బియ్యం డబ్బా అడుగున దాచింది. నేను చూడటం గమనించింది. “నాన్నని ఒక్కడ్నీ వదలకే గుంటా” అంది. ఎందుకని నేను అడగలేదు. పదకొండేళ్ల పిల్లకు కొన్ని సంగతులు అడక్కుండానే అర్థమవుతాయి.

బుధవారం బడి బస్సులో నా పక్కన కూర్చునే పిల్ల “మీ నాన్న ఆ పఠాన్‌ని చంపేశాడట కదా” అంది. నేను నా స్టీలు టిఫిన్ డబ్బాతో దాని మొహం మీద కొట్టాను. దాని పెదవి చిట్లింది. బస్సంతా ‘వీళ్లంతా ఇంతే’ అన్నట్టు చూసింది. ఇంటికొచ్చేసరికి నాలో నిప్పులు మండుతున్నాయి. నాన్న అదే చాప మీద, అదే గోడకేసి. అమ్మ వంటగదిలో శబ్దం లేకుండా ఏడుస్తోంది. బడిసంచి విసిరికొట్టి గట్టిగా అరిచాను.

“ఎన్నాళ్లు నాన్నా ఇలగ? ఆ కాయితం మీద సంతకం పెట్టీ! పెట్టీసి ఎల్లిపోదాం. నాకు సిగ్గేస్తంది!”

నాన్న మూడు రోజుల్లో మొదటిసారి తల తిప్పి నన్ను చూశాడు. ఆ చూపు గురించి రాయడం నాకు చేతకాదు. కోపం ఉంటే బాగుండేది. “అలగేనమ్మా” అన్నాడు, ఏదో బజారు పని చెబితే ఒప్పుకున్నట్టు. లేచి స్నానం చేశాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పెన్ను రాస్తుందో లేదో అరచేతి మీద గీసి చూసుకున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి వద్దని చెప్పలేదు, వెళ్లమనీ చెప్పలేదు. నా రెక్క పట్టుకుని నాన్న పక్కకి తోసి, “సెయ్యి వదలకు” అంది.

ఆఫీసుకు వెళ్లే దారి షెడ్డు ముందునుంచే. స్వీడన్ మావయ్య గుమ్మంలో కూర్చుని చినిగిన గ్లవ్ కుడుతున్నాడు. ఇస్త్రీ చొక్కా చూశాడు, జేబులో కాగితం చూశాడు, తన చేతి గడియారం చూసుకున్నాడు. “పది నిమిషాలు కూర్చో. తర్వాత నేనే నీతో ఆఫీసు దాకా వస్తాను” అన్నాడు. నాన్న వద్దన్నట్టు తలాడించాడు. ఆయన లేచి వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి అడ్డం నిలబడితే ఎవరైనా ఏం చేస్తారు, లోపలికి వెళ్లాం.

అప్పుడు చెప్పాడు ఐదో ఫొటో కథ. ఆ చెవుల కుర్రాడు ఆయన సొంత తమ్ముడట. వాడు రింగులో దిగితే ఊరు ఊరంతా పని మానుకుని వచ్చేదట. ఒక ఆట రోజున రింగు బయట మూలన, తమ్ముడికి నీళ్లిస్తూ సలహాలిస్తూ తోడు నిలబడినవాడు మన స్వీడన్ మావయ్య. రెండో రౌండులో తమ్ముడికి దెబ్బ తగిలి కింద పడ్డాడు. పడినవాడికి రిఫరీ ఎలాగూ ఎనిమిది దాకా లెక్కపెట్టాల్సిందే, ముందే లేచినా సరే, అది వాళ్ల ఆట నియమం. తెలివైనవాడు ఒక మోకాలి మీద ఆగి, ఊపిరి పీల్చుకుని, ఏడు అన్నాక లేస్తాడు. ఒకటికే లేచినవాడికి మిగతా అంకెలన్నీ నిలబడటంలో, ‘నాకేం కాలేదు’ అని నటించడంలో ఖర్చయిపోతాయి. ఇదంతా తమ్ముడికి నేర్పింది ఆయనే.

“మరి నేను ఏం చేశానో తెలుసా?” అన్నాడు. “మా ఊరంతా చూస్తోంది. వాడు నేల మీద ఉన్నాడు. నాకు సిగ్గేసింది. లే, లే అని అరిచాను. నా గొంతు వినగానే లేచాడు.”

లేచిన తమ్ముడు నవ్వుతూ కాళ్లు ఆడించి చూపించాడట. రిఫరీ నమ్మాడు. తర్వాతి దెబ్బకు పడినవాడు ఆ రోజు లేవలేదు. చనిపోలేదు. ఇప్పుడు ఊరి పార్కులో మొక్కలకు నీళ్లు పోస్తాడు, మాటలు మర్చిపోతుంటాడు, అన్నను చూస్తే ఒక్కోసారి గుర్తుపడతాడు. “నేను అరిచిన సంగతి వాడికి గుర్తు లేదు” అన్నాడు స్వీడన్ మావయ్య. గ్లవ్‌లో గుచ్చిన సూది అలాగే ఉంది, ఆయన చేతులు మాత్రం ఆగిపోయాయి.

నాన్న వైపు చూస్తూనే చెప్పాడాయన. కానీ ఆ మాటలన్నీ నాకే వచ్చి తగిలాయి. నాకు సిగ్గేస్తంది అని ఒక గంట కిందట అరిచింది ఎవరు? ఏడుపు మొదలైంది. “నేనే చెప్పాను మావయ్యా, సంతకం పెట్టెయ్యమని నేనే అరిచాను” అన్నాను. ఇంగ్లీషులో చెప్పానో, తెలుగులో చెప్పానో నాకే తెలీదు. ఆయనకు అర్థమైంది. తిట్టలేదు, ఫరవాలేదనీ అనలేదు. “అయితే ఇప్పుడు నువ్వు లెక్కపెట్టు” అన్నాడు.

నాన్న భుజం మీద చెయ్యి వేసి అక్కడ పరిచి ఉన్న చాప మీద ఒక మోకాలి మీద కూర్చోబెట్టాడు. ఇస్త్రీ ప్యాంటుతో, మడిచిన కాగితంతో, నా తండ్రి ఆ దుమ్ము చాప మీద మోకరిల్లడం చూసి ఎక్కడికైనా పారిపోవాలనిపించింది. ఒకటి, రెండు, మూడు అని గబగబా అనేశాను. స్వీడన్ మావయ్య చెయ్యెత్తి ఆపాడు. “నెమ్మదిగా. ఇది నీకోసం లెక్కపెట్టడం కాదు” అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాను. ఒకటి. నాన్న ఊపిరి వినపడింది. రెండు. మూడు. నాలుగు దగ్గర ఆయన భుజాలు కదిలాయి. ఐదు అనేసరికి మా నాన్న, మూడు రోజులుగా రాయిలా కూర్చున్న మనిషి, తల నేలకానించి ఏడ్చాడు. “పఠాను సచ్చిపోతే నానేటి సెయ్యాలి, నానేటి సెయ్యాలి” అని ఏడ్చాడు. నేను ఆరు అనాలో వద్దో తెలియక ఆయన వీపు మీద చెయ్యి వేసి అలా ఉండిపోయాను. ఎంతసేపు అలా ఉన్నామో తెలీదు.

అంతలో క్యాంపు మసీదు నుంచి మధ్యాహ్నం తిరిగాక వచ్చే అసర్ నమాజు పిలుపు వినిపించింది. స్వీడన్ మావయ్య గడియారం చూసుకుని, లేచి షెడ్డు తలుపు బార్లా తెరిచాడు. ఎదురుగా ఆఫీసు గుమస్తా తలుపుకు తాళం వేస్తున్నాడు. మేనేజరు కారు దుమ్ము రేపుకుంటూ గేటు దాటుతోంది. ఆ రోజుల్లో సౌదీలో గురు, శుక్రవారాలు సెలవు. బుధవారం అసర్‌కు మూసిన ఆఫీసు మళ్లీ తెరిచేది శనివారమే. ఇది క్యాంపులో పిల్లలతో సహా అందరికీ తెలుసు. తెలిసి కూడా మాకు ఆ పూట తట్టలేదు, ఆయనకు తట్టింది.

నాన్న తాళం వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. “నన్ను మోసం చేశావు” అన్నాడు. “అవును” అన్నాడాయన. నాన్నకు కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను, ఆ కోపం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మూడు రోజుల తర్వాత ఆయన మొహంలో ఏదో ఒకటి కనపడింది. ఇంటికి వెళ్లేముందు స్వీడన్ మావయ్య నన్ను పక్కకు పిలిచి ఒక్కటే చెప్పాడు: మూలన నిలబడినవాళ్ల పని నీళ్లివ్వడం, స్టూలు వెయ్యడం, అవసరమైతే తువ్వాలు విసిరి ఆట ఆపడం. అరవడం కాదు.

అంతటితో అంతా బాగుపడిపోయిందని రాస్తే అబద్ధమే. గురువారం, శుక్రవారం మేం బతికిన తీరు పగవాడికి కూడా వద్దు. ఏ బండి చప్పుడైనా పోలీసు జీపే అనుకున్నాం. అమ్మ రెండు పెట్టెలూ సర్దింది, మళ్లీ విప్పింది, మళ్లీ సర్దింది. నాన్న చాప మీదే ఉన్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. గంటకోసారి నీళ్లిచ్చాను. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిన్నాడు. లేవమని చెప్పాలని, ఏదో ఒకటి చెయ్యమని చెప్పాలని నా నాలుక ఎంత దురద పెట్టిందో! చున్నీ కొస నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. శుక్రవారం సాయంత్రం నాన్న తనంతట తానే లేచి, నా టిఫిన్ డబ్బా సొట్టను సుత్తితో సరిచేశాడు. ఎవర్ని కొట్టావని అడిగాడు. చెప్పాను. వెళ్లి ఆ పిల్లకు క్షమాపణ చెప్పి రమ్మన్నాడు.

శనివారం దమ్మామ్ మనిషి వచ్చాడు. కొక్కెం లాక్ విరిగి ఉందని, ముందే రాసిచ్చిన కాగితాలు నిజమని తేల్చాడు. పాత కాగితం మళ్లీ ఎవరూ అడగలేదు. కానీ నాన్న తానే అడిగి ఇంకో కాగితం రాయించాడు. గాలి పూర్తిగా తగ్గకముందే సైగ చేసిన మాట నిజమని, అంతవరకు తప్పు తనదని రాసి, నిలబడి సంతకం పెట్టాడు. ఆయన జీతం తగ్గించి, సైగ చేసే పని నుంచి తప్పించి స్టోర్‌లో వేశారు. పఠాన్ చాచాకు పదో రోజు స్పృహ వచ్చింది, ఒక కాలు తీసేశారు. నాన్న ఆసుపత్రికి వెళ్లి ఆయన మంచం పక్కన నిలబడి తన తప్పు తన నోటితో చెప్పాడు. చాచా కాలు లేని వైపు దుప్పటి సర్దుకున్నాడట. చివరికి “అచ్ఛా భాయీ, బైఠ్ జాఓ”, సరేలే కూర్చో, అన్నాడట. ఆయన పేషావర్ వెళ్లిపోయేదాకా నాన్న ప్రతి శుక్రవారం వెళ్లి ఆ మంచం పక్కనే కూర్చుని వచ్చేవాడు.

నాన్న పోయి నాలుగేళ్లయింది. పోయేదాకా ఈ కథ వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు, కానీ ఆయన చెప్పే కథ వేరు. “నాను సంతకానికి బయల్దేరితే మా గుంట సెయ్యి అట్టుకుని ఆపీసింది. అది లేకపోతే నాను జైల్లోనే సచ్చిపోదును” అనేవాడు, నా తల నిమురుతూ. నిజంగా మర్చిపోయాడో, నాకోసం అలా గుర్తుపెట్టుకున్నాడో ఆయనకే తెలియాలి. ఎన్నోసార్లు నోరు తెరిచాను, నేను ఆపలేదు నాన్నా, తోశాను అని చెబుదామని. చెప్పలేకపోయాను. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా కూలబడితే నాకు ముందు అరుపే వస్తుంది. ఉద్యోగం పోయి మా ఆయన నెలల తరబడి మంచం దిగనప్పుడూ అదే, పరీక్ష తప్పి మా అమ్మాయి గది తలుపేసుకున్నప్పుడూ అదే. ఆ అరుపును మింగి, మంచినీళ్ల గ్లాసు పట్టుకుని వెళ్లి పక్కన కూర్చుంటాను. సగంసార్లు మింగలేక అరిచేస్తాను కూడా. మింగగలిగిన రోజున మాత్రం, మా నాన్న ఊరందరికీ చెప్పుకున్న ఆ కూతుర్ని కాసేపు అవుతాను.